గుర్తు మిగల్చకూడనివారి గుర్తులు



మన యలమంచిలి చుట్టుపక్కల నేల చాలా పాతది. రాంబిల్లి మండలములో కొత్తూరు దగ్గర ఉన్న దిబ్బలకు మనవారు పెట్టుకున్న పేరు ధనదిబ్బలు. ఆ పేరులోనే మన ఆశ కనబడుతుంది. దిబ్బ అంటే కింద ధనము ఉంటుందని, బిందె ఉంటుందని మనకు అనిపిస్తుంది. కాని అక్కడ బయటపడినవి పూర్వకాలపు బౌద్ధుల కట్టడాలు. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామములోని బొజ్జన్నకొండను 1907-08లో అలెగ్జాండర్ రీ అనే అధికారి తవ్వించినప్పుడు కూడా స్తూపాలు, విహారాల గోడలు కనబడ్డాయి. పంచదార్ల గుడిలో రాజులు చెక్కించిన శాసనాలు నేటికీ చదవవచ్చు.

సన్యాసులు ఇటుకలతో కట్టారు గనుక వారి గుర్తులు నిలిచాయి. రాజులు రాతి మీద పేరు చెక్కించుకున్నారు గనుక వారి పేర్లు మనకు తెలుసు. మరి ఇటుక లేనివారి సంగతి ఏమిటి? రాయి లేనివారి సంగతి ఏమిటి? అంతకన్నా ముఖ్యముగా, తమ జాడ ఎవరికీ తెలియకూడదని జాగ్రత్తపడి బ్రతికినవారి సంగతి ఏమిటి? నేలలో వారి గుర్తు ఏదైనా మిగులుతుందా? ఈ నెల మేము మీతో ముచ్చటించదలచిన సంగతి ఇదే. బానిసత్వము నుండి తప్పించుకొని అడవులలోను, కొండలమీదను, చిత్తడి నేలలలోను ఊళ్లు కట్టుకున్న మనుషుల సంగతి.

పలుపు తెంచుకున్నవారు

పారిపోయిన బానిసలు మనకు కొత్తవారు కారు. శారాయి పెట్టిన శ్రమకు తాళలేక అరణ్యములోకి పారిపోయిన హాగరును మనము చిన్ననాటి నుండి ఎరుగుదుము. ఫిలేమోను ఇంటి దాసుడైన ఒనేసిము కోసము పౌలు ప్రత్యేకముగా ఒక పత్రికే వ్రాశాడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉన్నది. యజమానుని యొద్దనుండి తప్పించుకొని నీ యొద్దకు వచ్చిన దాసుని తిరిగి అప్పగించరాదని, అతడు తనకు ఇష్టమైన ఊరిలో నీ మధ్యనే నివసించవచ్చునని దాని భావము. ఆ కాలపు ఇరుగుపొరుగు రాజ్యాల చట్టాలు పారిపోయినవానిని పట్టి ఇవ్వమన్నాయి. ఈ ఆజ్ఞ దానికి పూర్తిగా ఎదురు. ఈ ఒక్క ఆజ్ఞను గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

అమెరికా ఖండములకు, హిందూ మహాసముద్రపు దీవులకు తరలించబడిన బానిసలలో పారిపోయినవారిని యూరోపువారు మరూన్లు అన్నారు. ఈ మాట స్పెయిన్ భాష నుండి వచ్చినది. కట్టు తెంచుకొని కొండలలో పడి అడవి పశువులైపోయిన ఆవులకు, ఎద్దులకు అక్కడివారు పెట్టిన పేరు అది. ఆ పేరునే మనుషులకు అంటగట్టారు. యజమానుని దృష్టిలో అతడు పలుపు తెంచుకున్న పశువు. తన దృష్టిలో మాత్రము అతడు ఇంటి దారి వెతుక్కుంటున్న మనిషి.

ఇలాంటివారు మన దేశములో కూడా ఉన్నారు. పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవులలో సిద్దీలు అనే ఆఫ్రికా సంతతివారు నేటికీ నివసిస్తున్నారు. పోర్చుగీసువారి గోవా నుండి తప్పించుకొని కనుమలెక్కి ఆ అడవులు చేరినవారు వారి పూర్వికులలో చాలామంది. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కూడా ఉన్నారు.

అయితే మన తెలుగువారి బ్రతుకుతో బాగా ముడిపడిన చోటు సముద్రము అవతల ఉన్నది. అది మారిషస్ ద్వీపము.

చెరకు పండే దీవి

అనకాపల్లి బెల్లము పేరు తెలియనివారు మనలో లేరు. చెరకు నరకడము, గానుగ ఆడడము, పెనము కింద మంట పెట్టడము ఎంత కష్టమో మన రైతు కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు. మారిషస్ కూడా చెరకు దేశమే. ఆ ద్వీపములో మొదట మనుషులు లేరు. 1638లో డచ్చివారు అక్కడ కాపురము పెట్టారు. 1642 ప్రాంతములో వారు మడగాస్కర్ నుండి 105 మంది బానిసలను తెచ్చారు. కొన్ని వారాలలోనే 52 మంది అడవిలోకి పారిపోయారు. అంటే ఆ దీవిలో బానిసత్వము ఎంత పాతదో, పారిపోవడము కూడా అంత పాతది. 1695 జూన్ నెలలో కొందరు బానిసలు కలిసి డచ్చివారి కోటకు నిప్పు పెట్టారు. పట్టుబడి మరణశిక్ష పొందినవారిలో వ్రాతలలో మిగిలిన పేర్లు చూస్తే బెంగాలు అన్నా అనే స్త్రీ పేరు ఉన్నది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. పట్టుకొచ్చిన దేశము పేరే ఆమెకు ఇంటిపేరు అయింది.

ఈ డచ్చి కంపెనీవారే మన కోరమాండల్ తీరములో వ్యాపారము చేశారు. భీమునిపట్నము వెళ్లినవారు అక్కడ డచ్చివారి సమాధులు చూసి ఉంటారు. రాళ్లమీద పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. అదే కంపెనీ కరువు కాలములలో ఈ తీరపు రేవులలో మనుషులను కొని బటావియా మొదలైన చోట్లకు ఓడలలో పంపించింది. కొన్నవారి సమాధులు మనకు ఉన్నాయి. అమ్ముడైనవారి సమాధులు ఎక్కడ ఉన్నాయో చెప్పే రాయి ఒక్కటీ లేదు. ఈ లెక్కను మనము మనసులో ఉంచుకొని ముందుకు సాగుదాము.

1710లో డచ్చివారు ఆ దీవిని విడిచిపోయారు. తరువాత వచ్చిన ఫ్రెంచివారు ఆఫ్రికా తూర్పు తీరము నుండి, మడగాస్కర్ నుండి, కొంతమందిని మన దేశము నుండి కూడా బానిసలుగా తెచ్చారు. 1723లో వారు బానిసల చట్టము చేశారు. ఒక నెల రోజులు పారిపోయినవాడు దొరికితే చెవులు కోసి, భుజముమీద పువ్వు ముద్ర కాల్చాలి. రెండవసారి పారిపోతే మోకాలి వెనుక నరము కోసి, రెండవ భుజముమీద ముద్ర వేయాలి. మూడవసారి అయితే చంపాలి. 1768 నుండి 1770 వరకు ఆ దీవిలో ఉన్న బెర్నార్డిన్ ద సెయింట్ పియరీ అనే ఫ్రెంచి రచయిత, పారిపోయినవారిని తుపాకులతో జంతువులవలె వేటాడేవారని వ్రాశాడు. ఇంత శిక్ష ఉన్నా జనము పారిపోతూనే ఉన్నారు. నరము కోసినా మళ్లీ వెళ్లారంటే వెనుక ఉన్న బ్రతుకు ఎలాంటిదో ఊహించుకోండి.

ల మోర్న్ కొండ

మారిషస్ నైరుతి మూలన సముద్రములోకి చొచ్చుకొని నిలిచిన ఒక కొండ ఉన్నది. దాని పేరు ల మోర్న్ బ్రబాన్. ఎత్తు 556 మీటర్లు. మూడు వైపుల నీరు, నిట్టనిలువు చరియలు, ఎక్కే దారిలో ఒక చోట పెద్ద పగులు. పారిపోయినవారు ఆ పగులు దాటి కొండ గుహలలోను, పైభాగములోను చిన్న చిన్న నివాసాలు ఏర్పరచుకున్నారు. అక్కడి పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటున్న కథ ఒకటి ఉన్నది. 1835 ఫిబ్రవరి 1వ తేదీన మారిషస్‌లో బానిసత్వము రద్దు అయింది. ఆ కబురు చెప్పడానికి పోలీసులు కొండ ఎక్కుతుంటే, తమను పట్టుకోవడానికే వస్తున్నారని తలంచి పైనున్నవారు చరియ మీదనుండి దూకి చనిపోయారట. ఇది కాగితములో ఉన్న సంగతి కాదు, నోటిమాటగా వచ్చిన కథ. కాని విడుదల కబురు తెచ్చినవాని మీద కూడా నమ్మకము కలగనంతగా మనిషిని భయపెట్టిన కాలమది అన్న సత్యము ఆ కథలో ఉన్నది. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది. ఫిబ్రవరి 1వ తేదీ ఆ దేశములో సెలవు దినము.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. బానిసత్వము రద్దు చేసినప్పుడు బ్రిటిషు ప్రభుత్వము మారిషస్ యజమానులకు 20 లక్షల పౌనులకు పైగా నష్టపరిహారము చెల్లించింది. బానిసలకు చెల్లించినది ఏమీ లేదు. పైగా 1839 వరకు పాత యజమానుని దగ్గరే పని చేయాలని కట్టడి చేసింది.

నేలను ఎలా చదువుతారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పారిపోయినవాడు పొగ కనబడకుండా వండుకుంటాడు. అడుగు జాడ పడకుండా నడుస్తాడు. ఇనుప ముక్క దొరికితే పారవేయడు, అరిగిపోయేదాకా వాడుకుంటాడు. గుర్తు మిగల్చకపోవడమే అతని ప్రాణానికి రక్ష. అలాంటివాని ఇంటిని రెండు మూడు వందల ఏళ్ల తరువాత కనుక్కోవడము ఎలా?

మన పల్లెలలో అందరికీ తెలిసిన విషయముతో చెబుతాము. పశువుల పాక పీకివేసిన కొన్నేళ్ల తరువాత కూడా అక్కడ దున్నితే గుంజ పాతిన చోట మట్టి రంగు వేరుగా ఉంటుంది. పొయ్యి ఉన్న చోట మట్టి ఎర్రగా కాలి, మసి కలిసి ఉంటుంది. తవ్వేవారు చూసేది అదే. పారతో ఒకేసారి లోతుగా తవ్వరు. తాపీతో మట్టిని పొరలు పొరలుగా గీస్తారు. ప్రతి పొర మట్టిని జల్లెడ పడతారు. గోరంత పెంకు, పప్పుబద్దంత చెకుముకి రాయి దొరికినా ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో వ్రాసుకుంటారు. వస్తువుకన్నా అది దొరికిన చోటు ముఖ్యము. చోటు తెలియని వస్తువు, ఊరు చెప్పలేని తప్పిపోయిన బిడ్డ వంటిది.

అమెరికాలో వర్జీనియా, ఉత్తర కరోలినా రాష్ట్రాల మధ్య గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి అడవి ఉన్నది. పాములు, దోమలు, మొలలోతు బురద. అక్కడికి తోటల నుండి పారిపోయిన నల్లజాతివారు తరతరాలు జీవించారు. 2000 తరువాతి సంవత్సరములలో డేనియల్ సేయర్స్ అనే పురావస్తు పండితుడు, ఆయన విద్యార్థులు ఆ బురదలో నడిచి వెళ్లి, నీటి మధ్య మెట్టగా ఉన్న 20 ఎకరాల దీవి ఒకదానిని తవ్వారు. ఎన్నో కాలాలు తవ్వితే దొరికినవి గుప్పెళ్లలో పట్టేవి మాత్రమే. గుడిసెల గుంజ గుంటలు, తెల్లమట్టి పొగగొట్టపు ముక్క, తుపాకి చెకుముకి పలుకు, అంతకు వేల ఏళ్ల ముందు ఆదివాసులు విడిచిన రాతి పనిముట్లను మళ్లీ నూరి పదును పెట్టుకున్న ముక్కలు. ఇంతేనా అని మనకు అనిపించవచ్చు. కాని ఆ గుంజ గుంటలు ఒక మాట చెబుతున్నాయి. ఒక రాత్రి తలదాచుకొని పోయినవాడు గుంజ పాతడు. ఉండిపోదామనుకున్నవాడే ఇల్లు కడతాడు. యజమానులు పత్రికలలో వేయించిన ప్రకటనలలో వీరు తప్పిపోయిన సొత్తు. నేల ఇచ్చిన సాక్ష్యములో వీరు కాపురస్థులు.

దీవెనగల చేతిపని

ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ పట్టణము దగ్గర 1738లో స్పెయిన్ అధికారులు మోసే అనే కోట ఊరును ఏర్పాటు చేశారు. ఇంగ్లీషువారి కరోలినా తోటల నుండి ప్రాణాలకు తెగించి వచ్చినవారికి అక్కడ స్వేచ్ఛ ఇచ్చారు. కతోలిక విశ్వాసము స్వీకరించాలి, సైన్యములో పని చేయాలి అనేవి షరతులు. ఫ్రాన్సిస్కో మెనెండెజ్ అనే ఆఫ్రికావాడు వారికి నాయకుడు. తరువాత ఆ ఊరు ఉప్పునీటి బురదలో కలిసిపోయింది. 1986లో కాథ్లీన్ డీగన్ బృందము దానిని కనుగొన్నది. గుండీలు, మేకులు, అంగుస్తానులు, తుపాకి రాళ్లతోబాటు చేతితో చేసిన ఒక చిన్న వెండి పతకము దొరికింది. దాని మీద క్రిస్టఫర్ అనే భక్తుడు పసివాడిని భుజాన మోసుకొని నది దాటుతున్న బొమ్మ ఉన్నది. రెండవ వైపు దిక్కులు చూపే గుర్తు ఉన్నది. పతకముల విషయములో మన సంఘాల అలవాటు వేరు కావచ్చు. కాని బురద, నదులు, రాత్రులు దాటి వచ్చినవారి ఊరిలో నది దాటించేవాని బొమ్మ ఎందుకు చెక్కుకున్నారో మనకు వెంటనే అర్థమవుతుంది.

బ్రెజిల్ దేశములో పల్మారేస్ అనే పెద్ద మరూన్ రాజ్యమే ఉండేది. ఆ పేరుకు తాటి జాతి చెట్ల తోపులు అని అర్థము. 1694లో దానిని సైన్యము ధ్వంసము చేసింది. దాని నాయకుడు జుంబీ 1695 నవంబరు 20న హతుడయ్యాడు. 1992, 1993లో చార్లెస్ ఓర్సర్, పెడ్రో ఫునారి అనే పండితులు ఆ కొండమీద పరిశోధన చేశారు. ఆదివాసుల పద్ధతి కుండలు, అక్కడే చేసుకున్న మట్టి పాత్రలు, యూరోపు పింగాణీ పెంకులు ఒకే చోట కనబడ్డాయి. కొండమీద ఉన్నవారు లోకానికి దూరముగా ఒంటరిగా లేరు, ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకున్నారు అని ఆ పెంకులు చెప్పాయి. 2024 నుండి నవంబరు 20వ తేదీ బ్రెజిల్ దేశమంతటా సెలవు దినము.

జమైకాలో జరిగినది మాత్రము మనలను ఆలోచింపజేసేది. అక్కడి కొండలలోని మరూన్లను ఓడించలేక ఇంగ్లీషువారు 1739లో సంధి చేసుకున్నారు. మీకు స్వేచ్ఛ, మీకు భూమి, కాని ఇకమీదట ఎవరైనా బానిస పారిపోయి మీ దగ్గరకు వస్తే పట్టి అప్పగించాలి అని అందులో షరతు పెట్టారు. మనము ముందు గుర్తు పెట్టుకోమన్న ఆజ్ఞ ఇక్కడికి పనికి వస్తుంది. తాను దాటి వచ్చిన ఏరును వెనుక వచ్చేవాడు దాటకుండా అడ్డుపడమని కోరడము కన్నా కఠినమైన బేరము ఏముంటుంది? ఆ బేరము ఒప్పుకున్నవారిని మనము ఇక్కడ కూర్చుండి తీర్పు తీర్చడము తేలిక. తరతరాల యుద్ధములో అలసిపోయిన తల్లులు, పిల్లలు వారిలో ఉన్నారని కూడా మరువరాదు. కోఫి అగోర్సా అనే ఆఫ్రికా పండితుడు 1990ల కాలములో అక్కడి నానీ టౌన్ అనే చోట తవ్వి, సంధికి ముందటి ఆ బ్రతుకును వెలికి తీశాడు.

ల మోర్న్ కొండ అడుగున సముద్రపు ఇసుకలో ఒక పాత శ్మశానము ఉన్నది. 2010లో క్రిష్ సీతా అనే పండితుని బృందము అక్కడ తవ్వడము మొదలు పెట్టింది. చనిపోయినవారిని గౌరవముగా, పద్ధతిగా పాతిపెట్టిన సమాధులు కనబడ్డాయి. మట్టి పొగగొట్టముల వంటి చిన్న వస్తువులు పక్కన పెట్టి సాగనంపారు. ఎముకల పరీక్షలు మొజాంబిక్, మడగాస్కర్ వైపు చూపించాయి. వీరందరు కొండమీద దాగినవారే అని ఎవరూ అనలేదు. కాని చట్టము ఎవరిని సామానుగా లెక్కించిందో, వారిని వారి జనము మనుషులుగానే మట్టి చేశారని ఆ ఇసుక చెబుతున్నది.

తరువాత వెళ్లినది మనవారు

బానిసత్వము రద్దు కాబోతుండగానే చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న 36 మంది భారతీయులతో ఒక ఓడ మారిషస్ చేరింది. ఆ తరువాత దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు ఉన్నారు. కోరంగి రేవు నుండి, మద్రాసు నుండి ఓడలు వెళ్లాయి. అక్కడి తెలుగు కుటుంబాలు నేటికీ ఉగాది జరుపుకుంటారు, అది ఆ దేశములో సెలవు దినము కూడా. సింహాద్రి అప్పన్న పేరు వారిలో ఇప్పటికీ వినబడుతున్నదంటే వారి పూర్వికులలో ఎందరు మన ఉత్తరాంధ్రవారో అర్థము చేసుకోవచ్చు.

వీరు బానిసలు కారు. జీతానికి ఒప్పుకొని వెళ్లినవారు. ఈ తేడా పెద్దది, దానిని చెరపరాదు. కాని దిగింది మాత్రము ఆ చెరకు సాళ్లలోనే, చాలామంది ఉన్నది బానిసలు ఖాళీ చేసిన పాకలలోనే. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతము కోసేవారు. తోట విడిచి వెళ్లినవానిని దేశదిమ్మరి అని పట్టి గ్రాండ్ రివర్ దగ్గర ప్రత్యేకముగా కట్టిన జైలులో పెట్టేవారు. 1867 చట్టము ప్రకారము ఒప్పందము ముగిసిన పాత కూలీ కూడా ఫొటో అతికించిన చీటీ జేబులో లేకుండా బయట నడవరాదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సహాయముతో 9,401 మంది కూలీలు సంతకాలు, గుర్తులు పెట్టి గవర్నరుకు అర్జీ ఇచ్చారు. దానిమీద మరుసటి సంవత్సరము విచారణ సంఘము వచ్చింది. ఆ సంఘపు నివేదిక తరువాత చట్టాలు కొంత సడలాయి.

పోర్ట్ లూయీ రేవులో వారు ఓడ దిగి ఎక్కిన 16 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసి ఘాట్ అని పేరు. 2006లో యునెస్కో దానిని కూడా ప్రపంచ వారసత్వముగా గుర్తించింది. చిన్న దేశములో రెండు వారసత్వ స్థలాలు ఉంటే, ఒకటి బానిసత్వము నుండి పారిపోయినవారిది, ఇంకొకటి వారి స్థానములో తేబడిన కూలీలది. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రిజిస్టర్లు భద్రముగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామము అందులో వ్రాసి ఉంటాయి. 1860ల తరువాతివారి ఫొటోలు కూడా ఉన్నాయి. తెలుగు చెవికి తెలియని గుమాస్తా వ్రాసినందున ఊరి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఆ మునిమనుమలు ఆ పేర్లు పట్టుకొని వెతుకుతున్నారు. వెతికేవారికి అక్కడ కాగితము ఉన్నది. ఇక్కడ మన వైపు ఏమి ఉన్నది?

మన గుమ్మములో

ఈ ప్రశ్న మనకే తగులుతుంది. మన దేశములో కూడా 1843 చట్టముతో బానిసత్వము న్యాయస్థానములో చెల్లకుండా పోయింది గాని, వెట్టి, అప్పు కింద తరతరాల పాలేరుతనము ఆగలేదు. నర్సీపట్నం పైని ఏజెన్సీలో గొత్తి అనే అప్పు కట్టు ఉండేది. తండ్రి తీసుకున్న కొద్దిపాటి రొక్కానికి కొడుకు జీవితమంతా పని చేసేవాడు. 1940లో ఏజెన్సీ కోసము ప్రత్యేక రెగ్యులేషన్, 1976లో దేశమంతటికి వెట్టిచాకిరి రద్దు చట్టము రావలసి వచ్చింది. ఆ బాధ పడలేక రాత్రికి రాత్రి కుండ, చాప నెత్తిన పెట్టుకొని వేరే ఊరు, వేరే కొండ చేరిన కుటుంబాలు మన సంఘాలలో లేవా? రంగూను వెళ్లి తిరిగి రానివారు మన బంధువులలో లేరా? వారి కథ ఏ శాసనములోను లేదు. తాత చెప్పిన మాటలో ఉన్నది. తాత వెళ్లిపోతే ఆ మాట కూడా వెళ్లిపోతుంది.

గనుక మా మనవి కొన్ని చిన్న పనులు మాత్రమే. మొదటిది, ఇంటిలో ఎనభై దాటిన అమ్మమ్మనో, తాతయ్యనో ఒక సాయంత్రము కూర్చుండబెట్టి అడగండి. మనవారు ఏ ఊరి నుండి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎవరు సముద్రము దాటారు, ఎవరు తిరిగి రాలేదు. పేర్లతో సహా నోటుపుస్తకములో వ్రాయండి. సిగ్గుపడి దాచవలసిన సంగతి అందులో ఏదీ లేదు. కట్టు తెంచుకొని వచ్చినందుకు సిగ్గుపడవలసినవాడు కట్టినవాడే గాని తెంచుకున్నవాడు కాడు.

రెండవది, సంఘపు పాత బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు చెదలు తినకముందే పొడిగా ఉండే పెట్టెలో పెట్టండి. ఇప్పుడు సెల్‌ఫోను ఉన్న ప్రతి యౌవనస్థుడు పుట పుటకూ ఫొటో తీయగలడు. ఇది యువజన కూటమికి మంచి పని. ఎక్కడో మారిషస్‌లో ఒక కుటుంబము వెతుకుతున్న ఊరి పేరు ఆ పుటలలో ఉండవచ్చు.

మూడవది, ఊరి సమాధుల తోటలో రాయి లేని మట్టి కుప్పలు ఉంటాయి. దారి వెడల్పు చేసినప్పుడు, గోడ కట్టినప్పుడు మొదట చదును అయ్యేది అవే. ఎవరెవరివో తెలిసినంతవరకు ఒక పటము గీసి ఉంచండి.

నాలుగవది, దుక్కిలో పాత పెంకులు, ఇటుకలు, నాణేలు బయటపడితే రాత్రిపూట గునపము పట్టుకోవద్దు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయల విలువ దాటిన పాతర దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఇంతకు ముందు చెప్పినట్లు వస్తువుకన్నా అది దొరికిన చోటు ముఖ్యము. ధనము కోసము కెలికిన దిబ్బ చింపివేసిన పుస్తకము వంటిది.

చదువరులారా, వేటగాళ్లు వ్రాసిన కాగితాలలో పారిపోయినవారు ఎప్పుడూ దొంగలే, సోమరులే. ఒక గుంజ గుంట, ఒక పొయ్యి మసి, పక్కన పొగగొట్టము పెట్టి పాతిన ఒక సమాధి మాత్రము వేరే సాక్ష్యము ఇస్తున్నాయి. వారు ఇల్లు కట్టుకున్నారని, వండుకున్నారని, తమవారిని ప్రేమతో సాగనంపారని ఆ చిన్న గుర్తులు చెబుతున్నాయి. రాయి చెక్కించుకోలేనివారి చరిత్ర ఇంత పలుచగా నిలుస్తుంది. ఒక వానకు కొట్టుకుపోగలదు, ఒక ట్రాక్టరుకు కలిసిపోగలదు. మన ఇంటిలో నిలిచినది ఎంత పలుచనో ఈ నెలలోనే ఒక సాయంత్రము కూర్చుండి చూసుకుందాము. నోటుపుస్తకము, కలము దగ్గర పెట్టుకొని పెద్దవారిని పిలవండి.